నాడి వినే మూత

ఆ రోజు గొడవ కాఫీపొడి డబ్బా దగ్గర మొదలైంది.

లిఫ్టు పాడై వారం కావస్తోంది. అత్తయ్య పాలపాకెట్లు, కొత్తిమీర కట్ట పట్టుకుని మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చారు. వచ్చీ రాగానే స్టవ్ మీద నీళ్ళు పెట్టి డబ్బా చేతిలోకి తీసుకున్నారు. దానికి ఉన్నది మావారు తమ ఫ్యాక్టరీ నుంచి తెచ్చి బిగించిన కొత్త మూత. తిప్పారు, కదల్లేదు. కొంగు చుట్టి తిప్పారు, అయినా కదల్లేదు.

"ఒరేయ్ ఫణీ, నీ మూత నన్ను చూసి అలిగింది. వచ్చి బతిమాలుకో."

మావారు గడ్డం సబ్బుతోనే తలుపులోంచి తొంగి చూశారు. "అలకా లేదు ఏమీ లేదు. నువ్వు పట్టుకోవడమే సరిగ్గా లేదమ్మా. వేళ్ళ కొసలు ఆ మెత్తటి పట్టీ మీద ఆనాలి. చెంబు పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎలా?"

"నీకు చెంబుతో నీళ్ళు తాగడం నేర్పింది నేను. నాకు డబ్బా పట్టుకోవడం నేర్పుతున్నావా?"

"కాఫీ సంగతేమైంది?" అని ముందు గదిలోంచి మామయ్యగారు కేక వేశారు.

"మీ సుపుత్రుడు కాఫీపొడికి తాళం వేశాడు. అతగాణ్ణి అడగండి!"

అత్తయ్య మూతి ముడుచుకుని స్టూలు మీద కూర్చుని కొత్తిమీర వలవడం మొదలుపెట్టారు. కట్ట సగమయ్యాక, ఇంకా కోపంగానే, డబ్బా లాక్కుని తిప్పారు. ఈసారి వెన్నలో చెంచా కదిలినంత సులువుగా మూత ఊడి వచ్చింది.

"చూశావా? ఇప్పుడు సరిగ్గా పట్టుకున్నావు" అన్నారు మావారు.

"నేను మారలేదు. దానికే బుద్ధి వచ్చింది" అన్నారు అత్తయ్య. అందరం నవ్వుకున్నాం. ఆ రెండు తిప్పడాల మధ్య ఏం మారిందో ఒక్కరమూ ఆలోచించలేదు.

మావారు ఫణీంద్రది చర్లపల్లిలో ప్లాస్టిక్ సీసాలు, మూతలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. కొత్త మూతలు తయారు చేయడం ఆయన పని. ఈ మూతలో తీగ లేదు, బ్యాటరీ లేదు. చుట్టూ వేలెడు వెడల్పున మెత్తటి పట్టీ, లోపల ఆయన స్వయంగా వండి సాధించిన ఒక ప్లాస్టిక్ పొర, అంతే. వేళ్ళ కొసల్లో కొట్టుకునే నాడి ఆ పొరకు తగులుతుంది. పెద్దవాళ్ళ నాడి నిదానం కాబట్టి నాలుగైదు దెబ్బలకే పొర సడలి లోపలి పళ్ళు వదిలేస్తాయి. పసిపిల్లల నాడి పరుగు. ఆ పరుగు తగిలితే పొర బిర్రబిగుసుకుపోతుంది. మా హారిణికి ఎనిమిదేళ్ళు. స్నేహితుల్ని ఇంటికి పిలిచి, "తియ్యండి చూద్దాం" అని పందెం వేసేది. వాళ్ళందరూ పళ్ళు బిగించి ఓడిపోయాక నాయనమ్మ చేతికిచ్చి తీయించేది.

అసలు ఈ మూత పుట్టడం వెనక హారిణే ఉంది. దానికి రెండేళ్ళప్పుడు అత్తయ్య బీపీ మాత్రలు చక్కెర బిళ్ళలనుకుని గుప్పెడు మింగేసింది. కూరగాయలబ్బాయి పిలిస్తే అత్తయ్య సీసా అలాగే వదిలి గుమ్మం దాకా వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి పిల్ల నోరంతా గులాబీ రంగు. ఆసుపత్రిలో కడుపు కడిగారు. పిల్ల బతికి బయటపడింది. అత్తయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. మావారు కూడా అనలేదు. ఇంటికి వచ్చిన వారానికే ఈ మూత పని మొదలుపెట్టారు.

నొక్కి తిప్పే మూతలు అప్పటికే బజార్లో ఉన్నాయి. కాని కీళ్ళ నొప్పులున్న అత్తయ్య వేళ్ళకు అవి లొంగేవి కావు. పిల్లలైతే నాలుగు రోజుల్లో కిటుకు కనిపెట్టేసేవాళ్ళు. పిల్లలకు రాకూడదు, ముసలివాళ్ళు బలం పెట్టక్కర్లేకుండా రావాలి. ఆ రెండూ కుదరడానికి మావారికి ఆరేళ్ళు పట్టింది.

ఆఖరి పరీక్షల రోజున సాయానికి రమ్మంటే నేనూ ఫ్యాక్టరీకి వెళ్ళాను. పక్క కాలనీలోని వృద్ధుల సంఘం వాళ్ళను వ్యానులో తీసుకొచ్చారు. ఎండన పడి వచ్చారని ముందు ఫ్యాను కింద కూర్చోబెట్టాం. నేనే అందరికీ అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ అందించాను. మీదే ఊరండీ, పిల్లలెందరండీ అని పలకరింపులయ్యాయి. వాళ్ళు కుదుటపడి కాళ్ళు చాపుకున్నాక ఒక్కొక్కరి చేతికీ సీసా ఇచ్చాం. అందరికీ మూత వచ్చింది. చేతులు వణికే పెద్దాయనకు కూడా వచ్చింది. ఆ మధ్యాహ్నం అంగన్‌వాడీ పిల్లలు వచ్చి ఆ సీసాలను కొరికారు, నేలకేసి కొట్టారు, మీద కూర్చున్నారు. ఒక్కటీ తెరుచుకోలేదు. ఫ్యాక్టరీ యజమాని రాజమౌళి గారు అక్కడికక్కడే మిఠాయి తెప్పించారు. ఒక మందుల కంపెనీ తన సీసాలన్నిటికీ ఈ మూతే కావాలంది. సోమవారం నుంచి మిషన్లు మొదలు.

మావారు మొదటి సీసా ఇంటికి తేగానే అత్తయ్య చేయి చాచారు. "నా గుండె మాత్రలు ముందు దీంట్లో పొయ్యి" అని, పాత సీసాను తన చేత్తోనే చెత్తబుట్టలో పడేశారు.

"ఏ ఇంట్లోనూ ఇంకెవరి పిల్లా..." అని ఏదో అనబోయి ఆగిపోయారు.

*

గురువారం మధ్యాహ్నం గిన్నెలు సర్దుతున్నాను. వెనక స్టూలు పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే అత్తయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. మొహమంతా చెమట. చెయ్యి గుండె మీద ఉంది.

"కుముదా... మాత్ర. నాలుక కిందిది."

అలమారలోంచి సీసా తీసి తిప్పాను. రాలేదు. చెయ్యి తుడుచుకుని, వేళ్ళ కొసలు పట్టీ మీద ఆనించి తిప్పాను. రాలేదు. ఫోన్లో నూట ఎనిమిదికి కొట్టి, స్పీకర్లో చిరునామా చెబుతూనే తిప్పుతున్నాను. అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ వేళ్ళు పట్టీ మీద జారిపోయాయి.

ఏ బలానికీ రాని మూత అది. అలా ఉండాలనే చేశారు. కత్తి పెట్టి పొడిచాను, గీత పడింది. పొత్రం ఎత్తి కొట్టాను. సీసా ఎగిరి ఫ్రిజ్ కిందికి దొర్లింది. పొట్ట మీద పడుకుని దాన్ని బయటికి లాగాను. నా చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప మరొకటి వినపడటం లేదు.

ఆ చప్పుడే నాకు దారి చూపించింది. కాఫీపొడి డబ్బా రాని పొద్దున అత్తయ్య మెట్లెక్కి వచ్చారు. కొత్తిమీర వలిచే లోపల ఆయాసం తగ్గింది, మూత వచ్చింది. పట్టుకోవడంలో తేడా ఏమీ లేదు. పరిగెత్తే నాడి ఎవరిదైనా ఈ మూత లెక్కలో పసిపిల్లదే. నేనెంత కంగారుపడితే అది అంత బిగుసుకుంటోంది.

కళ్ళు మూసుకున్నాను. ఊపిరి నిదానంగా వదలాలని చూశాను. పక్కన అత్తయ్య ఒక్కో ఊపిరికీ మూలుగుతుంటే నా గుండె నా మాట వింటుందా? మా అంతస్తులో రెండో వాటాకు తాళం. ఈ ఇంట్లో ఇప్పుడు నిదానంగా కొట్టుకుంటున్న గుండె ఒక్కటే ఉంది. ముందు గదిలో చెవి మిషను తీసి బల్ల మీద పెట్టి, పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తున్న మామయ్యగారిది.

సంగతి చెప్పానంటే ఆ గుండె కూడా చేజారుతుంది.

కొంగుతో మొహం తుడుచుకున్నాను. జుట్టు వెనక్కి నెట్టుకున్నాను. పరుగెత్తకుండా నడిచాను.

"మామయ్యగారూ!"

పేపరు కదిలింది. "ఏమ్మా? కాఫీ వేళయిందా?"

"అవుతోందండీ. ముందు ఈ మూత కాస్త తీసిపెడతారా? నా చేతులు తడిగా ఉన్నాయి." ఆయనకు వినపడేలా గట్టిగా అనాలి, గొంతు మాత్రం రోజూలాగే ఉండాలి. ఎలా అన్నానో నాకే తెలియదు.

"కళ్ళజోడేదీ?"

"మీ జేబులోనే ఉందండీ."

జేబులోంచి తీసి, పంచె అంచుతో తుడిచి, పెట్టుకున్నారు. సీసాను వెలుతురుకేసి తిప్పి చూశారు. "మనవాడు చేసిందేనా ఇది?"

"అవునండీ."

"ఆరేళ్ళు కూర్చుని మూత చేశాడు. మా నాన్న ఆరేళ్ళలో ఇల్లు కట్టాడు." ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. "మీ అత్తయ్య ఏం చేస్తోంది? అలికిడి లేదు."

"వంటింట్లో కూర్చున్నారండీ."

"అయితే ఆవిడకు తెలియకుండా నా కాఫీలో అర చెంచా పంచదార ఎక్కువ వెయ్యి."

"అలాగేనండీ."

ఆయన వేళ్ళు పట్టీ మీద ఆనాయి. తిప్పకుండా అలాగే ఉంచి ఆవలించారు. ఆవులింత పూర్తయ్యే దాకా నేను కాలి వేళ్ళతో నేలను పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు తిప్పారు. మూత మెత్తగా ఊడి వచ్చింది.

"ఇదిగో. ఇంత చిన్న పనికి..."

మిగతాది వినలేదు. వంటింటి గుమ్మం దాకా నడిచాను. గుమ్మం దాటాక పరుగెత్తాను.

మాత్ర అత్తయ్య నాలుక కింద పెట్టి, ఆవిడ వీపు నా గుండెకు ఆనించుకుని కూర్చున్నాను. నా మణికట్టు మీద ఆవిడ గోళ్ళు దిగి ఉన్నాయి. కాసేపటికి ఆ పట్టు ఒక్కో వేలూ చొప్పున వదులైంది.

"తేలికవుతోంది" అన్నారు, కళ్ళు తెరవకుండానే. "నువ్వెందుకే ఏడుస్తావు?"

ఆ తర్వాత వెళ్ళి మామయ్యగారికి చెప్పాను. ఆయన లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, నేల మీద కూర్చున్న అత్తయ్యనూ నన్నూ మార్చి మార్చి చూశారు. అంబులెన్సు వాళ్ళు కుర్చీలో అత్తయ్యను మెట్ల మీదుగా దింపుతుంటే ఆవిడ చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని వెనకే దిగారు.

*

రక్తనాళంలో అడ్డు ఉందన్నారు, స్టెంటు వేశారు. "మాత్ర వేళకు పడింది, అదృష్టవంతులు" అన్నారు డాక్టరు గారు. ఆ మాట వినే దాకా మావారు కారిడార్లో గోడకు అతుక్కుపోయి నిలబడ్డారు. ఆయన కాస్త తేరుకున్నాక జరిగిందంతా చెప్పాను.

"అలా జరగదు కుముదా. పెద్దవాళ్ళ నాడి వేగం పెరిగినా దాని నడక వేరు. పొరకు ఆ తేడా తెలుస్తుంది. నువ్వు కంగారులో పట్టీ మీద చెయ్యి సరిగ్గా ఆనించి ఉండవు."

నేను వాదించలేదు. నా సంచిలోంచి సీసా తీసి, మాత్రలు చేతిరుమాలులో పోసుకుని, మూత బిగించి ఆయనకిచ్చాను. "మెట్లు అక్కడున్నాయి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, సీసా పట్టుకుని వెళ్ళారు. కిందికి దిగిన అడుగుల చప్పుడు, మళ్ళీ పైకి పరుగున వచ్చిన చప్పుడు వినపడ్డాయి. రొప్పుతూ నా ముందు నిలబడి తిప్పారు. వేళ్ళు సర్దుకున్నారు. మళ్ళీ తిప్పారు. రెండు చేతులతో తిప్పారు. దారిన పోయే నర్సు ఆగి, "ఏం సార్, నేను తియ్యనా?" అంది. ఆమెకు చటుక్కున వచ్చేసింది. మూత ఆయన అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన బెంచీ మీద కూలబడ్డారు.

"మేం అందరికీ ముందు మజ్జిగిచ్చాం" అన్నారు, మూతను అరచేతిలో తిప్పుతూ. "ఆయాసంతో వచ్చినవాళ్ళను కూర్చోబెట్టాం. ఆ వెధవ మర్యాద లేకపోతే మొదటి రోజే తెలిసిపోయేది."

"మజ్జిగిచ్చింది నేనే" అన్నాను.

"నువ్వు ఇవ్వకపోతే నేను ఇచ్చేవాణ్ణి. ఇంటికొచ్చిన మనిషి రొప్పుతుంటే చేతిలో సీసా పెట్టి తియ్యమంటామా?"

అప్పుడే రాజమౌళి గారి ఫోను వచ్చింది. ముందు అత్తయ్య క్షేమం అడిగారు. ఆ తర్వాత అంతా విన్నారు. సోమవారం మొదలయ్యే మిషన్లు ఆపడం కుదరదన్నారు. "దానికేముంది ఫణీ, అట్టపెట్టె మీద ఒక ముక్క వేయిద్దాం. ప్రశాంతంగా కూర్చుని తెరవవలెను అని పెద్ద అక్షరాలతో."

మావారు ఫోను పెట్టేసి ఆ మాట నాకు చెప్పారు. కొట్టిపారేయలేదు. దాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు అనిపించింది. ఆరేళ్ళ పని మరి.

"గుండె నొప్పి వచ్చినవాళ్ళు అట్టపెట్టె చదువుతారా?" అన్నాను.

"ఈ మూత ఆపేస్తే పిల్లలు? మన హారిణిలా ఇంకొక పిల్ల... అప్పుడు నేనేం చెప్పుకోవాలి?"

ఇద్దరం ఆ మూతను మధ్యలో పెట్టుకుని, లోపలికి రమ్మని పిలుపు వచ్చే దాకా కూర్చున్నాం.

*

ఆదివారం అత్తయ్య ఇంటికి వచ్చారు. లిఫ్టు బాగుచేయించారు. పొద్దున్నే ఎక్కడికో వెళ్ళిన మావారు భోజనాల వేళకు వచ్చారు. అయిదుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఉప్పు తగ్గించి బీరకాయ పప్పు చేశాను, చారులో మిరియాలు పెంచాను.

మామయ్యగారు మూడు రోజులుగా నాతో ముక్తసరిగానే ఉన్నారు. పప్పు కలుపుతూ, నన్ను చూడకుండా అన్నారు. "దాని ప్రాణం పోతుంటే నేను పంచదార ఎక్కువ వెయ్యమన్నాను. జన్మలో మర్చిపోతానా?"

"చెబితే మీకు మూత వచ్చేది కాదండీ" అన్నాను.

"అది తెలుసమ్మా. తెలిసినా..." ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయారు.

"మీరు అలా పంచదార అడుగుతూ కూర్చోబట్టే బతికాను" అన్నారు అత్తయ్య. "ఆదుర్దా పడే మొగుణ్ణి కట్టుకుని ఉంటే ఈపాటికి ఫోటోకి దండ వేసేవాళ్ళు."

హారిణి పకపకా నవ్వింది. మామయ్యగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. నా వైపు చూసి, "ఇంకొంచెం చారు పొయ్యమ్మా" అన్నారు. నాకు గుండెల మీంచి బరువు దిగింది.

పెరుగన్నం దగ్గరికి వచ్చాక మావారు చెప్పారు.

"మందు సీసాలకు ఆ మూత పెట్టడం లేదు. పొద్దున్న వెళ్ళి అచ్చులు మిషన్ల మీంచి దింపించాను."

"మీ రాజమౌళి ఒప్పుకున్నాడా?" అన్నారు మామయ్యగారు.

"మొదట అరిచాడు. గోడౌను మెట్లు రెండుసార్లు ఎక్కించి దింపి, సీసా చేతికిచ్చాను. ఆ తర్వాత అరవడానికి ఊపిరి లేదు."

"మరి ఆరేళ్ళు చేసింది?" అన్నాను.

"ఫినాయిల్‌కి పెడతాం. బాత్రూం కడిగే యాసిడ్‌కి, బొద్దింకల మందుకి. గుండె దడదడలాడే మనిషికి వాటితో ఏం పని?"

"ఏ పిచ్చి ఆలోచనతోనో పని పడితే?" అన్నారు మామయ్యగారు నెమ్మదిగా.

"అప్పుడు తెరుచుకోకపోవడమే మంచిది నాన్నా."

అత్తయ్య కంచంలోకి చూస్తూ అన్నారు. "అదంతా బాగానే ఉంది. మందు సీసా తెరిచి వదిలేసే నాలాంటి దానికి ఏం మూత పెడతావురా?"

మావారు చెయ్యి కంచం అంచు మీద ఆనించారు. "ఏ మూతా పెట్టను. మందుల గూడు ఎత్తులో బిగిస్తాను. అది చాలు. అమ్మా, ఆ రోజు ఎవరు పిలిచినా ఎవరైనా గుమ్మం దాకా వెళ్ళేవాళ్ళే. నేనూ వెళ్ళేవాణ్ణి. ఈ మాట ఆసుపత్రిలోనే నీకు చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా మూత చేస్తూ కూర్చున్నాను."

అత్తయ్య తల ఎత్తలేదు. పెరుగన్నంలో వేలితో గీతలు గీశారు. చెరిపారు. హారిణి ఏదో అడగబోతే మామయ్యగారు దాని తల మీద చెయ్యి వేశారు.

హారిణి ఆ మాత్రలు మింగినప్పటి నుంచి ఈ ఆరేళ్ళూ నేనెక్కడికి వెళ్ళినా దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాను. అత్తయ్య దాన్ని తన దగ్గర వదిలిపెట్టనిచ్చేవారు కాదు. నడుము నొప్పి అనేవారు, కునుకు పడుతుంది అనేవారు. నేనెప్పుడూ రెట్టించలేదు.

ఆవిడ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"కుముదా, రేపటి నుంచి హారిణి బడి నుంచి వచ్చాక నా దగ్గరుంటుంది" అన్నారు, అందరికీ వినపడేలా. "నువ్వు ఎటు వెళ్ళాలంటే అటు వెళ్ళిరా. తొందరపడి రానక్కర్లేదు."